క్లిప్పు గుర్తు

విడాకుల కాగితంలో తణికైవేల్ తన గొంతు దాచాడు.

అదేమంత బ్రహ్మవిద్య కాదు. అంబత్తూరు ఆఫీసులో అతను చేసే ఉద్యోగమే అది. బిల్లు పీడీఎఫ్ లోపల లెక్కల ఫైలును కోడ్ రాసి ఇరికించాలి. చీర మడతలో చీటీ పెట్టినట్టే. పైకి పేజీలు మాత్రమే కనిపిస్తాయి. కంప్యూటర్‌లో తెరిస్తే పక్కన చిన్న క్లిప్పు గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే లోపలిది బయటపడుతుంది. అతని ఫోన్‌లాంటి వాటిలో ఆ గుర్తు కూడా రాదు.

అతని భార్య సెల్వికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఆమెది పక్క సీటే. పెళ్లికి ముందు ఇద్దరూ కోడ్‌ను పరీక్షించే ఉత్తుత్తి బిల్లుల్లోనే గుట్టుగా మాట్లాడుకున్నారు. ఆమె పెట్టే ఫైలు పేరే కబురు. ‘టీకి రా బావా’ అని. మాట తెలుగే, అక్షరాలు మాత్రం తమిళం. తెలుగు రాయడం ఇద్దరికీ రాదు మరి. ఆ బిల్లులన్నీ చూసి మేనేజరు భేష్ అన్నాడు, పాపం.

ఆ పిలుపు చౌడయ్య పోయిన రోజే ఆగిపోయింది. చౌడయ్య సెల్వి నాన్న, తిరుత్తణిలో నేతగాడు. కబురొచ్చినప్పుడు వేల్ ఆఫీసు పనిలో పీకల దాకా మునిగి ఉన్నాడు. ఇది ముగించుకుని వస్తానన్నాడు. వచ్చేసరికి శవాన్ని ఎత్తేశారు.

సెల్వి ఒక్క మాట అనలేదు. తప్పయిందని అతనూ అనలేదు. మణవాళనగర్‌లో వాళ్లిద్దరి ఇంట్లో మాటలు ఎండిపోయాయి. చివరికి ఆమె తిరుత్తణి వెళ్లిపోయింది. లాయరు కుప్పుస్వామి ఇద్దరి తరఫునా ఒప్పంద కాగితం పీడీఎఫ్‌గా తయారుచేసి, “ముందు అమ్మాయి సంతకం తెప్పించు, తర్వాత నువ్వు పెట్టు” అని వేల్‌కు పంపాడు.

ఆ కాగితంలోనే వేల్ తన గొంతు రికార్డు చేసి పెట్టాడు. “తప్పయిపోయింది సెల్వీ. ఆ పొద్దు నేను రావాల్సింది. రాలేదు. సంతకం పెట్టొద్దు. ఇంటికి రా.” మధ్యలో ఏడుపు ఆగలేదు. దాన్నీ అట్లాగే ఉంచి పంపించాడు.

ఆమె ఫోన్‌లో తెరిస్తే? లోపల గొంతుందని తెలియనే తెలియదు. సెల్వి అట్లాంటిది కాదులే, నేను పంపిన పీడీఎఫ్‌ను లోపల వెతక్కుండా వదలదు అని గుండె చిక్కబట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు పోతూ, కిక్కిరిసిన రైల్లో నిలబడి ఉండగా జవాబు వచ్చింది. అక్కడే ఫోన్‌లో తెరిచాడు. చివరి పేజీలో సెల్వి డిజిటల్ సంతకం. మెయిల్లో ఒక్క ముక్క లేదు.

విన్నదో లేదో! విని కూడా పెట్టిందంటే ఇంకా ఘోరం. దిగగానే తన సంతకమూ పెట్టి లాయరుకు పంపేశాడు. మళ్లీ ఆ ఫైలు జోలికి పోలేదు.

తిరువళ్లూరు కోర్టు వరండాలో ఆమే దగ్గరికి వచ్చింది.

“నేను పంపింది చూసినావా?”

“చూసినా.”

“అంతా చూసినావా?”

“చూసినానని చెప్తా ఉండా కదా. ఇంకేముంది అందులో?”

సెల్వి అతని ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. పుండు మీద కారం చల్లడానికి వచ్చిందా అనుకుని వేల్ తల తిప్పుకున్నాడు.

“సరే, పోతా ఉండా” అంది. పోయొస్తా అనలేదు.

కోర్టు ఇచ్చిన గడువు ముగిసింది. విడాకులొచ్చాయి. ఏడాది తిరిగాక తమిళుల ఆవణి నెలలో, తిరుత్తణి కొండమీది గుడిలో సెల్వికి మళ్లీ పెళ్లయిందని ఆఫీసులో ఎవరో చెప్పారు.

ఆ మధ్యాహ్నం వేల్ అన్నం ముట్టలేదు. ఆమె సంతకంతో వచ్చిన ఫైలును కంప్యూటర్‌లో వెతికి పట్టుకున్నాడు. చెరిపేయబోయి ఆగాడు. తన గొంతు ఇంకా అందులోనే ఉంది కదా. బతుకులో అతను నోరు విప్పి తప్పయిందన్నది ఆ ఒక్కసారే. చెరపడానికి చేయి రాలేదు. దాన్ని బయటికి తీసి ఉంచుకుందామని నాలుగు వరసల కోడ్ రాసి నడిపాడు.

తెర మీద రెండు ఫైళ్ల పేర్లు వచ్చాయి: ఒకటి తనది, రెండోది తమిళ అక్షరాల్లో, ‘సంతకం పెట్టినా బావా, నువ్వే వచ్చి చించెయ్’.