కోడక్క శిష్యుడు

“అక్కా, రేపు పొద్దున నీకు పన్ను పీకుతారట. ఏమీ తినకుండా రమ్మన్నారు.”

చెల్లెలు మెయిలు చదివి వినిపించగానే కోడక్క టీ కప్పు బల్ల మీద ఠపీమని పెట్టింది.

“నా పన్నెందుకు పీకడం? ముందు ఆ పంటి డాక్టరు కళ్ళు చూపించుకుంటే మంచిది! నా కోడ్ పైన అంతంత ఎర్రక్షరాలతో రాశానే, ‘ఏడో లైనులో నా అడ్రసు తీసేసి, ఎవరికి పంపాలో వాళ్ళ అడ్రసు పెట్టుకోండి’ అని! చదివితే కదా! కాపీ, పేస్టు, చేతులు దులుపుకోవడం. ఇప్పుడు ఆ రోగి ఎవడో కడుపు నిండా తినేసి ఇంట్లో కూర్చుంటాడు.”

“పోనీ, నువ్వెళ్ళి పీకించుకురా. కాస్త నోరైనా తగ్గుతుంది.”

పగలంతా కోడక్క లారీల ఆఫీసులో పనిచేస్తుంది. ఇంటికొచ్చాక సైటు నడుపుతుంది. షీటులో మాటలు వరుసగా నింపి పెడితే చాలు, చెప్పిన రోజున, చెప్పిన వేళకి మెయిళ్ళు వాటంతటవే వెళ్ళిపోయే కోడ్‌లు రాసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఊరికే పంచిపెడుతుంది; అందుకే కోడక్క అన్న పేరు. ఆమెకి ఎవరూ నేర్పలేదు. ‘మీ సరుకు బయలుదేరింది’ అన్న ఒక్క ముక్కని ఊళ్ళో అందరికీ టైపు చేసి చేసి వేళ్ళు వాచిన కోపంలో తనే నేర్చుకుంది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. సైటు నెత్తిన కూడా అదే ఉంటుంది: ‘యంత్రం పని యంత్రం మొహాన కొట్టండి. మీరు వేళకి ఇంటికి పొండి.’

దానికి దక్కే కృతజ్ఞత కామెంట్లలో కనిపిస్తుంది. ‘పనిచేయట్లేదు.’ ‘నిన్న అడిగాను, ఇంకా పెట్టలేదేం?’ ‘ఏం రాశావమ్మా తల్లీ, నా షీటంతా ఎగిరిపోయింది.’

ఇప్పుడో పెద్ద కంపెనీ వెంటపడింది. సైటు తమకిచ్చేస్తే తాళం వేసి సభ్యులకు మాత్రమే చూపిస్తారట. ఆమెకి పెద్ద కుర్చీ ఇస్తారట. ఏ సంగతీ ఇవాళ తేల్చి చెప్పాలి. అందుకే ఆఫీసుకి సెలవు పెట్టింది. మూసేద్దామనుకుంటున్నానని పోయిన వారమే సైటులో ఒక ముక్క రాసి పడేసింది కూడా. ఒక్కడూ అయ్యో అనలేదు. ‘మూసేలోపు నా బగ్గు సరిచేసి వెళ్ళండి’ అన్నాడొకడు.

“ఇచ్చేయక్కా. ఆ తెరలోకి వంగి వంగి నీ మెడ కొంగ మెడైపోయింది.”

“ఎప్పుడో ఇచ్చేసేదాన్నే. ఆ శిష్యుడొకడు అడ్డం పడుతున్నాడు.”

“మొదలైంది శిష్యపురాణం!”

శిష్యుడంటే ఎవరో అక్కాచెల్లెళ్ళిద్దరికీ తెలియదు. ప్రతి సోమవారం ఒక చిన్న మెయిలు పంపుతాడు. ‘మీరు ఊరికే తిట్టరు. ఆ తిట్టులో మా బాగుంటుంది’ అని ఒక వారం. ‘మీ దగ్గర నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ నేర్పరు’ అని ఇంకో వారం. కింద ‘మీ శిష్యుడు’ అని ఉంటుంది. కోడక్క వాటిని పైకి విసుక్కుంటూ చదివేది. చదివాక మాత్రం ఆ పూట కామెంట్లలో ఎవరినీ తిట్టేది కాదు.

టింగుమంది. చెల్లెలు గోడ గడియారం వైపు చూసింది.

“వచ్చేశాడు. సోమవారం, సరిగ్గా ఆఫీసులు తెరిచే వేళకి! ఒక్క నిమిషం అటూ ఇటూ కాడు. మనిషా, గడియారమా?”

“క్రమశిక్షణంటే అదీ! నువ్వున్నావు, పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి పోతావు. చదువు.”

చెల్లెలు గొంతు సవరించుకుంది. “‘మీరు ఇక్కణ్ణించి వెళ్ళిపోతారన్న మాటే తట్టుకోలేకపోతున్నాను. మీరు లేకపోతే మేమంతా అనాథలం. మీ శిష్యుడు.’”

కోడక్క కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

“ఏడుస్తున్నావా?”

“దుమ్ము.”

ఫోను తీసి కంపెనీవాడికి చేసింది. “ఇవ్వను. తాళం మీ బీరువాకి వేసుకోండి. నేను రాసింది చదువుకుని బాగుపడేవాడు ఒక్కడున్నా చాలు, తలుపు తెరిచే ఉంటుంది.” అవతలివాడు ఇంకేదో అంటుండగానే పెట్టేసింది.

“అయిపోయింది నీ పెద్ద కుర్చీ,” అని చెల్లెలు నిట్టూర్చింది. “కనీసం ఆ మహానుభావుడికి ఒక్క జవాబైనా రాయి.”

పొగడ్తకి జవాబిస్తే చులకనైపోతామని ఇన్నాళ్ళూ బిగుసుకు కూర్చుంది కోడక్క. ఇవాళ మాత్రం రాసింది:

‘బాబూ, నేను కోడక్కని. సోమవారం సోమవారం నువ్వు పంపే ఈ మాటల కోసమే సైటు మూయడం మానుకున్నాను. నా రాతలు అక్షరం వదలకుండా చదివేవాడివి నువ్వొక్కడివే. చల్లగా ఉండు.’

పంపేసి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. తాగుతుండగానే మళ్ళీ టింగుమంది.

“అప్పుడే జవాబా! పాపం, పొంగిపోయి ఉంటాడు,” అంటూ కోడక్క కళ్ళజోడు పెట్టుకుంది.

‘అయ్యో మేడం, ఇవన్నీ మీకొస్తున్నాయా, మా మేనేజరుగారు ఇంకా కరగలేదేమా అని చూస్తున్నాను!’