పదకొండింటి కాఫీ

గోడమీది బోర్డులో తోమాసా టోకెన్ నంబరు వెలిగింది.

గబగబా వెళ్ళి కౌంటరు ముందు నిలబడింది. కుర్చీ ఖాళీ!

"పదకొండయింది కదమ్మా. దొరగారు కాఫీకి వెళ్ళుంటారు," వెనకనుంచి ఎవరో అన్నారు.

ఉపాధి కార్యాలయంలో వరుస కట్టిన జనమంతా నవ్వారు. ఆ నవ్వులో కడుపుమంటే ఎక్కువ. ఆలివ్ నూనె ఫ్యాక్టరీ మూతపడ్డాక సగం ఊరు వచ్చి నిలబడేది ఇక్కడే మరి.

ముప్పావుగంట తర్వాత ఆ కుర్చీలో కూర్చునే ఎలాడియో వచ్చాడు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ముఖాన మాత్రం ఎప్పుడూ లేని నవ్వు.

"క్షమించాలమ్మా. కూర్చోండి."

"కాఫీ బాగుందా?" అంది తోమాసా.

అతను నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది.

"చూడండి, ఈ నెలాఖరుతో నాకు నిరుద్యోగ భృతి ఆఖరు. పని ఇప్పించమంటే మీరు పాఠాలు చెప్పిస్తున్నారు. ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో ఇప్పటికి మూడుసార్లు నేర్పారు. నవ్వడం వచ్చేసింది. ఆ ఇంటర్వ్యూ ఏదీ?"

"ఫ్రాన్సులో ఆపిల్ కోతలు మొదలవుతున్నాయమ్మా. రెండు నెలల పని. బస్సు ఛార్జీ వాళ్ళే ఇస్తారు..."

"మా అమ్మ మంచం మీద ఉంది. లేచి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆవిణ్ణి ఎవరికి అప్పజెప్పి పోను?"

"అన్నదమ్ములెవరైనా..."

"లేరు! ఆపిల్స్ నువ్వే వెళ్ళి కోసుకో! గవర్నమెంటు కుర్చీ దొరికింది, చచ్చేదాకా నిన్నెవరూ కదిలించరు. మాకు మాత్రం ఊళ్ళు పట్టిపొమ్మని చెప్తావు!"

వరుసలో వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఎలాడియో ముఖంలో నవ్వు పోయింది. ఆమెకేసి చూశాడు. తోమాసా విసురుగా లేచి వచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"రేపు తొమ్మిదింటికి కొండమీది వృద్ధాశ్రమానికి వెళ్ళండి. లాండ్రీలో పని. కసిల్దాగారని సూపర్‌వైజరు ఉంటారు."

"ఎన్నాళ్ళు? క్రిస్మస్ దాకానా?"

"కాదమ్మా. పర్మనెంటు."

నెలకీ, వారానికీ, ఒక్కోసారి పూటకీ కాంట్రాక్టులు రాస్తున్న రోజులు. పర్మనెంటు అన్న మాట విని ఎన్నేళ్ళయిందో తోమాసాకే గుర్తులేదు.

అయినా నోరు ఊరుకోలేదు.

"ఇంత మంచి కబురు కాఫీ కొట్లో తెలిసిందా?"

"అలాగే అనుకోండి," అని అతను ఫోన్ పెట్టేశాడు.

కసిల్దా పెద్దగా ఏమీ అడగలేదు. ఇస్త్రీ వచ్చా అంది. వచ్చు అనగానే ఏప్రను చేతికిచ్చింది.

మొదటి జీతం అందాక తోమాసా బాదం బిస్కెట్ల డబ్బా కొంది. ఎంతయినా మనిషి మేలు చేశాడు. కాఫీ వేళ దాటేదాకా ఆగి మరీ ఉపాధి కార్యాలయానికి వెళ్ళింది.

కుర్చీలో ఎవరో అమ్మాయి ఉంది.

"ఎలాడియోగారు ఇంకా కాఫీ దగ్గరే ఉన్నారా?"

"ఆయన కాంట్రాక్టు పోయిన నెలాఖరుకే అయిపోయిందండీ."

"కాంట్రాక్టేమిటి? ఇది గవర్నమెంటు ఉద్యోగం కదా!"

"గవర్నమెంటు ఆఫీసేనండీ. ఈ కుర్చీ మాత్రం ఆర్నెల్లకో మనిషిది. నాది మార్చిదాకా."

"మరి ఇప్పుడెక్కడున్నారు?"

"ఫ్రాన్సు వెళ్ళారు. ఆపిల్ కోతకి."

తోమాసా డబ్బా చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. తనన్న మాట గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

గుమ్మం పక్కన ఆనాటి పేపరు అంటించి ఉంది. ఊళ్ళో నిరుద్యోగులు తగ్గారట. మేయరు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పని దొరికినవాళ్ళూ, పని దొరక్క ఊరొదిలినవాళ్ళూ ఆయన లెక్కలో ఒకటే.

తిరిగి లాండ్రీకి వచ్చేసరికి కసిల్దా దుప్పట్లు మడతపెడుతోంది.

"ఆ డబ్బా ఎవరికమ్మాయ్?"

"ఉపాధి ఆఫీసులో ఎలాడియో అని ఒకాయన... ఇప్పుడు లేరట. మీకు తెలుసా?"

"తెలియకపోవడమేమిటి! పదకొండయ్యేసరికి మన గేటు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. కొండెక్కి వచ్చి, రొప్పుతూ, 'మావాళ్ళకి పనేమైనా ఉందా' అని ఒకటే ప్రాణం తీసేవాడు. మన గేటొక్కటేనా, ఊళ్ళో ఏ గేటూ వదిలేవాడు కాదు. కాఫీ తాగి వెళ్ళవయ్యా అంటే, టైము లేదు, జనం కాచుకుని ఉన్నారనేవాడు."

తోమాసా దుప్పటి రెండో అంచు పట్టుకుంది.

"నీకు చెప్పొద్దన్నాడు. ఇప్పుడు మనిషే ఊళ్ళో లేడుగా, చెప్తే ఏం?" కసిల్దా గొంతు తగ్గించింది. "తనకోసం ఒక్కసారే అడిగాడు. లాండ్రీలోకి వచ్చెయ్, పర్మనెంటు చేస్తానన్నాను. నవ్వుకుంటూ కొండ దిగి వెళ్ళాడు."

"తర్వాత?"

"మర్నాడే మళ్ళీ కొండెక్కి వచ్చి, తనెక్కడికైనా పోగలడు గానీ మంచమ్మీదున్న తల్లిని వదిలి నువ్వు పోలేవని, తన పని నీకిమ్మన్నాడు."