వంటింటి కిటికీకి కరెంటు

"ఎవరో ఒకళ్ళు చస్తారు. నేను ముందే చెబుతున్నా," అంది ఖుర్షిదా.

అప్పటికి ఎలక్ట్రీషియన్ నతానియేలు గుమ్మంలో చెప్పులు కూడా విడవలేదు.

ఆవిడ తీరే అంత. గ్యాస్ బండ వస్తే పేలుతుందని భయం. కొత్త ఫ్యాను బిగిస్తే నెత్తిన పడుతుందని భయం. సెల్‌ఫోను ఛార్జింగుకి పెడితే ఇంట్లో కరెంటంతా అదే తాగేసి మిక్సీ తిరగదని భయం. సత్తెనపల్లిలో ఆ వీధి వీధంతా ఆవిడ భయాలు చూసి నవ్వుకుంటుంది. ఆవిడ వాళ్ళ తరఫున కూడా కలిపి భయపడుతూ ఉంటుంది.

భర్త గౌస్ బాషాకి పురుగుమందుల కొట్టుంది. పత్తి మీద పురుగు ఏ మందుకీ చావని రోజుల్లో కూడా మందులమ్మి మేడ కట్టిన మనిషి. అలాంటి మనిషి ఇంట్లో ఈ ఏడు రెండుసార్లు దొంగ పడ్డాడు. మొదటిసారి టీవీ పోయింది. రెండోసారి బాషా వాచీ, ఆయన కొత్తగా కుట్టించుకున్న సఫారీ సూటు పోయాయి. బియ్యం డబ్బాలో దాచిన ఖుర్షిదా గొలుసు మాత్రం ఉన్నచోటే ఉంది.

తెలివితక్కువ దొంగ అని బాషా కొట్టుకొచ్చిన రైతులందరికీ చెప్పుకున్నాడు. కానీ అంత తెలివితక్కువ వాడు రెండుసార్లూ దొరక్కుండా పోవడం ఆయనకు నామోషీ అయింది. గుంటూరు వెళ్ళి సైరన్ కొనుక్కొచ్చాడు. తలుపో కిటికీయో తెరిస్తే చాలు, వీధి అదిరిపోతుందట.

నతానియేలు మెయిన్ బోర్డు విప్పి, ప్రభువుని తలుచుకున్నాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని బాషా ఎప్పుడో అందులో బైండింగు తీగ చుట్టి పెట్టాడు. వైర్ల మీద తొడుగు ముట్టుకుంటే అప్పడంలా రాలుతోంది. ఎర్తింగన్నది ఆ ఇంటికి పరిచయమే లేదు.

"దొంగ సంగతి తర్వాత బాషా గారూ. ఈ వైరింగు కింద మీరిన్నాళ్ళు ఎట్టా బతికారండీ?"

ఖుర్షిదా మొహం వెలిగిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ భయం ఒక్కటైనా నిజమని తేలడం అదే మొదలు.

నతానియేలు కొత్త బోర్డు పెట్టాడు. సైరన్‌కి విడిగా లైను లాగాడు. కరెంటు పోయినా మోగడానికి బ్యాటరీ తగిలించాడు. పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తింగు చేశాడు. ఆ గోతిలో రోజూ బిందెడు నీళ్ళు పొయ్యాలన్నాడు. ఖుర్షిదా వెంటనే పోసింది. ఎందుకైనా మంచిదని ఇంకో బిందె కూడా పోసింది.

నిచ్చెన పట్టుకోవడానికి ఇంట్లో మగపిల్లలెవరూ లేరా అని అడిగాడు నతానియేలు. ఒక్కగానొక్క కొడుకు ఖలీల్ చీరాలలో మరమగ్గాల మిల్లుకి సూపర్‌వైజరని బాషా గొప్పగా చెప్పాడు. పండక్కి కూడా రాలేనంత పనట. ఫోను చేసినా మగ్గాల మోతలో వినపడదట. నిచ్చెన ఖుర్షిదాయే పట్టుకుంది, కళ్ళు మూసుకుని.

మధ్యాహ్నం భోజనం చేసి బాషా సైరన్ మోగించి చూశాడు. చెవులు చిల్లులు పడ్డాయి. వీధిలో మాత్రం ఒక్కడూ తొంగి చూడలేదు. మంత్రిగారి కారేదో పోతోందనుకున్నారట.

బాషాకి ఒళ్ళు మండింది.

"ఇట్టా లాభం లేదయ్యా. మిరప చేలల్లో పందులకి పెట్టరూ, అట్టా పెట్టు. వంటింటి కిటికీకి డైరెక్టు లైను. రెండుసార్లూ ఆ ఊచలు వంచే దూరాడు వాడు. పడుకునే ముందు స్విచ్చి నేనే వేస్తా."

అది కేసవుతుందని నతానియేలు నసిగాడు. కిటికీ నాది, కరెంటు నాది, మధ్యలో కేసెవడిదన్నాడు బాషా. ఆ పేటలో సగం ఇళ్ళ పని ఇప్పించింది ఆయనే. నతానియేలు నోరు మూసుకుని తీగ కొలవడం మొదలుపెట్టాడు.

ఖుర్షిదా అందుకుంది. పాలవాడి చెయ్యి తగిలితేనో. పక్కింటి పున్నమ్మ నిప్పెట్టె కోసం చెయ్యి చాపితేనో. ఓట్లడగడానికొచ్చినవాళ్ళు ఊచలు పట్టుకుని దండాలు పెడితేనో. పిల్లి దూకితేనో.

"దూకి చావనీ. రోజూ ఆ కిటికీలో దానికి గోంగూర మాంసం, మజ్జిగన్నం, నంజుకోడానికి ఊరమిరపకాయ. మొగుడికంటే దానికే మర్యాదెక్కువైంది ఈ కొంపలో," అని బాషా కొట్టుకి వెళ్ళిపోయాడు.

నతానియేలు తీగ పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చేసరికి ఖుర్షిదా రెండు చేతులా ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"ముందు నాకు పెట్టు," అంది.

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"జరగమ్మా. పగలంతా స్విచ్చి తీసే ఉంటది. పాలవాడికీ పున్నమ్మకీ నేను చెప్పుకుంటాగా. చస్తే ఆ దొంగ వెధవే గదా చచ్చేది. వాడు పోతే నీకేం పోయింది?"

మిరపకాయల ట్రాక్టరొకటి సందులోంచి పోయింది. ఘాటుకి ఇద్దరూ దగ్గారు. కళ్ళు ముందు నతానియేలు తుడుచుకున్నాడు. ఆవిడ తుడుచుకోవాలంటే ఊచలు వదలాలి. కుళాయి కింద బిందె నిండి, పొర్లి, నీళ్ళు గడప దాకా వచ్చాయి. ఆవిడ అటు చూడనైనా లేదు. కిటికీలో బోర్లించిన కంచం వైపే చూస్తూ అంది.

"మా ఖలీల్ ఇంటికొచ్చేది ఈ కిటికీలోంచే నాయనా."