గోడ దాటిన పూలు

“గింజ ఏడ నాటితే ఆడనే పెరగనియ్యాలె పటేలా. దీని వేరు మస్తు లోతుకు దిగుతది. పీకి ఇంకోకాడ వెడితే సస్తది” అన్నాడు నర్సరీ సోమయ్య.

సుధాకర్ తల ఊపి, హాలీహాక్ పూలగింజల పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు పక్కనే ఆయన ఇల్లు. చుట్టూ ఆరడుగుల ప్రహరీ. భార్య విజయమ్మ పోయి రెండు నెలలైంది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆయన ఒక్క మొక్కకు నీళ్లు పోసి ఎరగడు. పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్మడంతోనే ఆయనకు పొద్దు గడిచేది.

అలాంటివాడు గోడ వెంబడి స్వయంగా మడి తవ్వాడు. గింజలు ఒక పూట నానబెట్టి, మూరెడు దూరానికొకటి నాటాడు.

పనిమనిషి జంగమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“అమ్మ మస్తు పెంచేది గీ పూలు. ఆమనమ్మ ఇల్లిడిసి పోయినంక మళ్ల పెట్టలే. ఆరేండ్లాయె.”

“ఎరికే” అన్నాడు సుధాకర్. “ఆమనికి గీ పూలంటే పానం. బస్సుల పోతా సూసినా సరే, దిగి ఇంట్లకొస్తది.”

జంగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆమని ఆయన కూతురు. చెరువులో చేపలు పట్టే మొగులయ్య కొడుకు పరమేశ్‌ను పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు సుధాకర్, ఇద్దరినీ నరికి చెరువులో వేస్తానని నడిబజారులో అరిచాడు. ఊరంతా విన్నది. వారం తిరక్కుండా మొగులయ్య కుటుంబం కూడా ఊరు విడిచింది. ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు.

విజయమ్మ పోయాక ఆమె బీరువా సర్దుతుంటే చీరల మడతలో ఆమని ఉత్తరం ఒకటి దొరికింది. తల్లి ఎవరిచేతో పంపిన కబురుకు జవాబు. నాలుగే వరుసలు. ఊరి పేరు లేదు. దాన్ని ఆయన ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. మర్నాడే సోమయ్య నర్సరీకి వెళ్లాడు.

డిసెంబరులో ఆకుల అడుగున ఇటుకరంగు మచ్చలు కనిపించాయి. సుధాకర్ వెంటనే ఒక ఆకు తెంపుకుని, స్కూటర్ మీద నర్సరీకి పోయాడు.

“తుప్పు తెగులు” అన్నాడు సోమయ్య. “కింది ఆకులు తెంపి కాలవెట్టు. నీళ్లు మొదట్లనే పొయ్యాలె. ఆకు తడవొద్దు.”

అప్పటినుంచి పొద్దున్నే మడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క ఆకూ తిప్పి చూసేవాడు. యాభై అయిదేళ్ల మనిషి. లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

“తోటమాలిని పెడ్త నాయినా, నీకెందుకు పరేషాన్” అన్నాడు కొడుకు హరీష్.

“వద్దురా. గిప్పుడు పోయినయంటే మళ్ల ఏడాది ఆగాలె.”

జనవరిలో వెదురుకర్రలు పాతి, గాలికి విరక్కుండా కాండాలను వదులుగా కట్టాడు. భార్య పోయాక పటేలు మెత్తబడ్డాడని ఊళ్లో అనుకున్నారు.

ఫిబ్రవరి చివర్లో ఎర్రటి పూలు గోడ దాటాయి. ఆ సాయంత్రం సుధాకర్ రోడ్డు అవతలికి వెళ్లి, అరుగెక్కి, బస్సు కిటికీ అంత ఎత్తునుంచి చూశాడు. బాగా కనబడుతున్నాయి.

హరీష్ సైట్లకు వెళ్లడం మానేశాడు. పేట్ బషీరాబాద్ నుంచి సుధాకర్ తమ్ముడు సత్తయ్య వచ్చి ఇంట్లోనే ఉండిపోయాడు. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, ముగ్గురూ తలలెత్తేవారు. జంగమ్మకు నెలరోజులు సెలవిచ్చారు.

మార్చి రెండోవారంలో, ఎండ నడినెత్తిన ఉండగా, గేటు చప్పుడైంది.

“అమ్మా...”

ఆమనే. వెనక పరమేశ్, అతని చంకలో రెండేళ్ల పాప. పాప పూలవైపు చెయ్యి చాపింది. ఆమని నవ్వుతూ ఒక కాండం వంచి, పువ్వును పాప బుగ్గకు ఆనించింది.

సుధాకర్ తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాడు. ఆరేళ్లుగా ఈ రోజు కోసమే బతికినట్టనిపించింది.

“వచ్చినవా బిడ్డా” అన్నాడు.

పెరటివైపునుంచి వచ్చిన హరీష్ గేటు మూసి గొళ్లెం పెట్టాడు. అతని పక్కన సత్తయ్య నిలబడ్డాడు.

ఆమని చేతిలోని కాండం జారిపోయింది. పాపను గబుక్కున లాక్కుని గుండెలకు అదుముకుంది.

“నాయినా, నువ్వు సచ్చిపోయినంకనే గీ పూలు గోడ మీదికి పెంచుత, గవి సూసి రా అన్నది గదా అమ్మ” అంది, వినిపించీ వినిపించని గొంతుతో.