పెద్ద పాలసీ

“చిన్నది వద్దురా తమ్ముడూ. పెద్ద మొత్తానికే రాయి” అంది ఇల్లాలు.

తలుపుచెక్కకి చిత్రిక పడుతున్న వడ్రంగి మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. కట్టుకున్న పెళ్ళాం, బీమా ఏజెంటైన బావమరిది కలిసి ఆయన ఎదుటే ఆయన చావుకి వెల కడుతున్నారు! అసలే బీమా మాటెత్తితే ఆయనకి ఒళ్ళుమంట. తండ్రి చెమటోడ్చి ప్రీమియం కట్టిన ప్రైవేటు కంపెనీ ఒకనాడు చడీచప్పుడూ లేకుండా బోర్డు తిప్పేసింది మరి.

బావమరిది వదిలే రకం కాదు. అలాంటి కంపెనీల నిర్వాకం చూసే సర్కారు వాటన్నిటినీ కలిపి ఒకే సంస్థ చేసిందనీ, ఇప్పుడు పూచీ ప్రభుత్వానిదేననీ, రోజు కూలీ ఇంట్లో కూడా ఇవాళ పాలసీ కనబడుతోందంటే ఆ నమ్మకంతోనేననీ చెప్పుకొచ్చాడు. కాకపోతే పెద్ద పాలసీకి పరీక్షలూ అవీ బోలెడు తతంగం, చిన్నదైతే సంతకంతో పోతుంది అన్నాడు.

“తతంగమైతే కానీ. పెద్దదే” అందావిడ.

మేస్త్రికి మనసు చివుక్కుమంది. లాగుతున్న ఎడమ చెయ్యి రుద్దుకుంటూ భార్యకేసి చూశాడు.

“నేను పోతే నీకంత కావాలా?”

ఆవిడ చీపురు అందుకుని చెక్కపొట్టు ఊడవసాగింది. కాదని ఒక్క మాట అని ఉంటే ఆయన అంత కుమిలిపోయేవాడు కాదు.

పంతం వచ్చేసింది. జన్మలో ఆసుపత్రి గడప తొక్కని మనిషి, గుండ్రాయిలా ఉన్నాను, నీ ముచ్చటేదో తీరుస్తానంటూ మర్నాడు బావమరిది వెంట సంస్థ డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. రంపపు పొట్టు మహిమ అనుకుని కొట్టిపారేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి బల్లమీద కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నీ ఆశ తీరలేదే. నాకు పాలసీ ఇవ్వరట. గుండెకి రక్తం సరిగ్గా అందడం లేదట. ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొచ్చేదట. రేపే పెద్దాసుపత్రిలో చేరమన్నారు.”

ఆవిడ చీపురు పడేసి వచ్చి ఆయన చేతులు పట్టుకుని భోరుమంది. మేస్త్రికి పుండుమీద కారం చల్లినట్టయింది.

“అంత డబ్బు రాకుండా పోయిందనా ఏడుపు?”

“నాకు కావలసింది ఆ పరీక్షేనండీ.”