పన్నెండు లోపల

ఆరో కంప్యూటర్ తెరమీద ఎర్ర అక్షరాలు ఏడోసారి వచ్చాయి.

అనుమతి లేదు.

పాస్‌వర్డు మళ్ళీ కొట్టింది జీవిత. వైరు పీకి పెట్టింది. మోడెం ఆపి, అరవై దాకా లెక్కపెట్టి, మళ్ళీ వేసింది.

ఎనిమిదోసారి. అనుమతి లేదు.

కర్నూలు పాతబస్టాండు దగ్గర అనంతయ్యశెట్టి విత్తనాల అంగడి. దాని పైన ఈ ఆఫీసు. ఆరు కంప్యూటర్లు. నడిపేది ఆయన కొడుకు కిరణ్‌కుమార్.

హైదరాబాదు కంపెనీ అడిగిన ప్రోగ్రాం రాయాలి, దాన్ని నడిచే ఫైలుగా బిల్డ్ చేయాలి, తయారైన ఫైలును నెట్‌లో వాళ్ళ గోదాములాంటి రిపాజిటరీలో పెట్టాలి. కళ్ళంలో ఎంత రాశి ఉన్నా, గాదెకెక్కితేనే గింజ.

బిల్డ్ అయింది. ఎక్కడం లేదు.

గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. ఆ శుక్రవారం ఇదే.

కిరణ్ హైదరాబాదుకు ఫోన్ చేశాడు. "మా వైపు అంతా బాగానే ఉందండీ. పన్నెండు దాటితే మాత్రం పని వేరేవాళ్ళకిచ్చేస్తాం," అన్నారు వాళ్ళు.

ఫోన్ పెట్టేసి జీవిత వైపు తిరిగాడు.

"నీ ప్రొబేషన్ మూడు నెలలు నిండేది ఈ పొద్దే గదా?"

"అవున్సార్."

"ఇది పోతే, నేను ప్రత్యేకంగా చెప్పేదేమీ ఉండదు."

బతిమాలుకోవడానికి మళ్ళీ ఫోన్ తీసుకుని వరండాలోకి పోయాడు.

జీవితది కోడుమూరు. నాయన దాసన్న వారమంతా కూలికి పోతాడు, ఆదివారం చర్చిలో వాక్యం చదువుతాడు. ఆ ఇంట్లో నెలజీతమనేది ఈ పిల్లతోనే మొదలు.

తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మొదటి నుంచి చదవాలి. మిషన్ తనకు తాను రాసుకున్న చిట్టా తెరిచి, ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదివింది.

చివరి ప్రయత్నం: పన్నెండూ నలభై అయిదు.

చేతి గడియారం చూసుకుంది. పదకొండూ అయిదు.

మిషన్ గంటా నలభై నిమిషాలు ముందుంది.

మెట్లమీద చెప్పుల చప్పుడు. అనంతయ్య పైకొచ్చాడు.

"ఏం పాపా, ఎక్కిందా?"

"యాడ ఎక్కింది పెద్దసార్. ఈ గడియారం మీరేమన్నా కదిలించినారా?"

అనంతయ్య వరండా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పొద్దున మార్చినా. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం. ఆగురా అంటే మావోడు ఇనడు. అందుకే మిషన్లో పన్నెండు దాటిచ్చినా. దాని పనికి దాని గడియారమే గదా లెక్క?"

పోయిన నెల ఆయనకు ఆ మిషన్ మీద పేకాట నేర్పింది జీవితే. గడియారం దిద్దేదీ అప్పుడే నేర్పింది.

"వాళ్ళ మిషన్ గూడా టైము చూస్తాది పెద్దసార్. దానికీ మనదానికీ పొంతన లేకపోతే దొంగనుకుంటాది. రానీదు."

"దొంగనా! నలభై ఏండ్లు అంగడి నడిపినోన్ని!"

"దానికేం తెలుసు పెద్దసార్."

"పన్నెండు దాటినంక పెట్టగూడదా?"

"పన్నెండుకు వాళ్ళు మూసేస్తారు."

"మీ ఏసయ్యకు రాహుకాలం లేదేమో పాపా. నాకుండాదే!"

"ఈ ఉద్యోగం పోతే మా ఇంట్లో గూడా ఉంటాది పెద్దసార్."

అనంతయ్య మళ్ళీ వరండా వైపు చూశాడు.

"కానీ అయితే. మావోనికి చెప్పగాకు. ఇప్పటికే నన్ను పైకి రావొద్దంటాండాడు."

జీవిత తల ఊపింది.

గడియారం దిద్దింది. ఆమె మీట నొక్కేటప్పుడు అనంతయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పదకొండూ ఇరవై. పచ్చ అక్షరాలు.

"ఎక్కిందా?" గోడనడిగినట్టు అడిగాడు.

"ఎక్కింది."

ఆయన మెట్లవైపు నడిచాడు. కిరణ్ వరండాలోంచి పరుగున వచ్చి, తెర చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది దీనికి?"

"టైము తప్పుండాది సార్. గంటా నలభై ముందుకు."

"ఎవరు మార్చినారు?"

జీవిత తెరవైపు తిరిగి చిట్టా మూసింది.

"ఈ మిషన్ నువ్వు తప్ప ఎవరూ ముట్టరు. నువ్వేనా?"

మెట్లమీద చెప్పుల చప్పుడు ఆగింది.

"చెప్పు. నువ్వేనా?"

"కాదు సార్. పెద్దసారు."

చెప్పులు మళ్ళీ కదిలాయి. ఒక్కో మెట్టూ దిగిపోయాయి.

సాయంత్రం ప్రింటరులోంచి రెండు కాగితాలొచ్చాయి. ఒకటి జీవిత ఉద్యోగం ఖాయమైనట్టు.

రెండోది: ఈ మిషన్‌ను జీవిత తప్ప ఎవరూ తాకరాదు.

"నువ్వే అతికించు," అన్నాడు కిరణ్.

అతికించింది.

శనివారం ఎనిమిదిన్నరకే వచ్చింది. ఆఫీసువాళ్ళింకా ఎవరూ రాలేదు. గడప ఇవతల, చెప్పులు విడిచి, అనంతయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో ముట్టించిన అగరబత్తీలు. సగం కాలి ఉన్నాయి.

"కాగితం చూస్తి పాపా. నేను లోపలికి రాను. రోజూ మిషన్‌కు చేసే పూజ మాత్రం ఆపగూడదు. తొమ్మిది లోపల కావల్ల. ఆపైన రాహుకాలం."

జీవిత తలుపు తీసి లోపలికి పోతే, తన చేయి గడప దాటనీకుండా చాపాడు.

ఆమె భుజాన ఉన్న సంచీ దించి, అగరబత్తీలు రెండు చేతులతో అందుకుంది.

"ఎన్నిసార్లు తిప్పాల పెద్దసార్?"