జిడ్డు మీద ఫిర్యాదు

"ఈవిడకి అరవై నిండాయంటే ఎలా నమ్మమంటారు?"

పందెం కమిటీ అధ్యక్షుడు కాగితం మీంచి తలెత్తి, ఎదురుగా కూర్చున్న అక్కాచెల్లెళ్ళని మార్చి మార్చి చూశాడు. పొద్దున అరవై దాటినవాళ్ళ నడక పందెంలో అక్క మొదటొచ్చింది. కప్పు మాత్రం ఇంకా బల్ల మీదే ఉంది. ఈలోగా ఎవరో పేరూ ఊరూ లేని ఫిర్యాదొకటి సలహాల పెట్టెలో పడేసి పోయారు. ఆ ముఖానికి యాభై కూడా ఉండవని, దొంగ వయసు చెప్పి కప్పు తన్నుకుపోతోందని. వయసు రుజువు కాకపోతే కప్పు పందెంలో రెండో స్థానం వచ్చినావిడకి పోతుంది.

"సరిగ్గా వినపళ్ళేదండీ. ఇంకోసారి చదవండి" అంది అక్క.

ఆయన కాగితం ఆవిడకే ఇవ్వబోయాడు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"అమ్మో, నేను ముట్టుకుంటే మరకలవుతాయి. మీరే చదవండి, కాస్త గట్టిగా."

పాపం ఆయన హాల్లో ఉన్న నలభై మందికీ వినపడేలా చదివాడు.

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ అక్క పడ్డ మాటలు చాలలేదా! బళ్ళో చెల్లెల్ని బొమ్మ అనేవాళ్ళు, అక్కని జిడ్డు అనేవాళ్ళు. నుదురు బొటనవేలితో తుడుచుకోవడం అక్కకి అలవాటు. పేరు రాయని నోటుబుక్కు దొరికితే చాలు, మూలనున్న నూనె ముద్ర చూసి టీచరు ఎవరిదో చెప్పేసేది. క్లాసంతా పడీపడీ నవ్వేది. చుట్టాలొస్తే బొమ్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, జిడ్డుని ముఖం కడుక్కు రమ్మనేవాళ్ళు. మొటిమలొచ్చాక ఆరేళ్ళపాటు అక్క ఒక్క ఫొటో కూడా దిగలేదు.

"మీరు పెద్దవారు కదా, మీ చెల్లెలి వయసెంతో మీరైనా చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు చెల్లెలితో.

"చెల్లెల్ని నేనండీ. మూడేళ్ళు చిన్నదాన్ని."

హాలు గొల్లుమంది. మనసు చివుక్కుమన్నా, కప్పు తేలేదాకా ఆ సంగతి పక్కన పెట్టింది చెల్లెలు.

కమిటీలో ఉన్న చర్మం డాక్టరమ్మ లేచొచ్చి అక్క ముఖాన్ని దగ్గరగా చూసింది. ఇందులో మాయేం లేదంది. పొడి చర్మం మీద సన్నగీతలు తొందరగా తేలతాయట, జిడ్డు చర్మానికి ముడతలు ఆలస్యంగా పడతాయట. అలాగని జిడ్డువాళ్ళకి అన్నీ లాభాలే కాదట, చర్మం మీది రంధ్రాలు పెద్దవై కనిపిస్తాయట. బుగ్గలు జారడం, ఎండదెబ్బ ఎవరికీ తప్పవట.

"ముఖం చూసి వయసు తేల్చలేం. కానీ నన్నడిగినా నలభై ఎనిమిదే అనేదాన్ని."

"ఎంతా?" అంది అక్క.

"నలభై ఎనిమిది."

అక్క ఆ అంకెని కాసేపు చప్పరించింది. తర్వాత తీరిగ్గా సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, పుట్టినతేదీ సర్టిఫికెట్టు బల్ల మీద పెట్టింది. అరవై నిండి రెండు నెలలు.

"నడక పందేనికి ఇది కూడా తెచ్చుకున్నావా?" అంది చెల్లెలు.

"ఎందుకైనా మంచిదనే, బొమ్మా."

చప్పట్లు మోగిపోయాయి. అధ్యక్షుడు రెండుసార్లు క్షమాపణ చెప్పి కప్పు చేతికిచ్చాడు. ఆడవాళ్ళంతా చుట్టూ మూగి ఏ క్రీము, ఏ సబ్బు అని ఒకటే అడగడం. ఏదీ కాదని, చిన్నప్పుడు తన పేరే జిడ్డని, అక్క తన నోటితో తనే మొదటిసారి చెప్పుకుంది. ఫొటోకి ముందు వరసలో నిలబడింది. ఎవరో రుమాలు అందిస్తే వద్దంది. అక్కని అంత ఆనందంగా చెల్లెలు ఎన్నడూ చూడలేదు.

అయినా ఆ కడుపుమంట మనిషెవరో తేల్చకుండా కదలనంది చెల్లెలు. బల్ల మీది ఫిర్యాదు తీసి చూస్తే, అక్షరాలు ఎడంచేత్తో గీకినట్టున్నాయి. చించేసే ముందు చివరిసారిగా కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

కాగితం మూలన అక్క బొటనవేలి నూనె ముద్ర మెరుస్తోంది.